ఇంట్లో బొమ్మలు, ఒళ్లో బిడ్డలు
(వార్షిక సభ, మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈరోజు కుట్టుమిషన్లు అందుకుంటున్న చెల్లెళ్లకు నాలుగు అనుభవం మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. మేము పెద్ద వ్యాపారం చేసినవాళ్లం కాము. 1999 నుంచి ఆరేళ్లపాటు మేమిద్దరు తోటికోడళ్లం విజయవాడ వన్‌టౌన్‌లో, ఒక గది, వసారా ఉన్న ఇంట్లో గుడ్డబొమ్మలు కుట్టి అమ్మాం. మొదలుపెట్టిన నాటికి మా ఇద్దరికీ కలిపి నలుగురు పిల్లలు. పెద్దదానికి ఐదేళ్లు, చిన్నవాడికి ఏడు నెలలు. ఆ డబ్బుతోనే మాలో ఒకరం బి.ఎడ్. చదివి టీచరుగా ఈరోజు మీ ముందు నిలబడ్డాం. మరొకరు ఇప్పటికీ కుడుతున్నారు.

మొదటి బొమ్మ అమ్మడానికి కుట్టింది కాదు. చిన్నవాడు ఏడుపు మానడం లేదని దర్జీ కొట్టు నుంచి తెచ్చిన పీలికలతో ఎనిమిది రేకుల బంతి కుట్టి, లోపల బూరుగు దూది కూరాం. పక్కింటావిడ చూసి తన మనవడికి ఒకటి కావాలంది. అలా నాలుగు ఇళ్లు, ఆ తర్వాత ఒక దుకాణం.

మా ఇంటికి దగ్గరలోనే కొండపల్లి. తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే ఆ ఊళ్లో ఇల్లే కార్ఖానా. మగవారు చెక్కితే ఆడవారు రంగులు వేయడం అక్కడ మామూలు. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క పూసి బొమ్మలు చేస్తారు. బొమ్మల పని ఇళ్లలో సాగడం మన నేలకు కొత్త కాదు. కానీ తరతరాల పనితనం ఉన్నవారికి తెలిసిన జాగ్రత్తలు మాకు తెలియవు. అవి మేము దెబ్బ తిని నేర్చుకున్నాం.

2000లో రంజాన్‌కు ముందు ఒక దుకాణదారు నలభై కుందేళ్లు అడిగాడు. నలభై కుందేళ్లకు ఎనభై కళ్లు. నల్ల గుండీలు కుట్టాం. ముప్పై పైచిలుకు తయారై గంపలో ఉన్నాయి. వంటింట్లో ఉండగా వసారాలో చిన్నవాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమయ్యాడు. పసిపిల్లలున్న ఇంట్లో ఏడుపు కంటే నిశ్శబ్దానికే భయపడాలి. పరుగెత్తి చూస్తే వాడి చేతిలో ఒంటికన్ను కుందేలు. రెండో కన్ను వాడి నోట్లో ఉంది. తల కిందికి వంచి వీపు మీద తడితే గుండీ బయటపడింది. వాడికి ఏమీ కాలేదు, అల్లాహ్ దయ. మాకు మాత్రం చాలాసేపు చేతులు వణికాయి.

ఆ రాత్రి మేమిద్దరం మాట్లాడుకున్నది ఒక్కటే. మన బిడ్డ నోట్లోకి వెళ్లింది రేపు కొన్నవారి బిడ్డ నోట్లోకి వెళ్లదా? కుట్టిన గుండీలన్నీ ఊడదీసి, కళ్లు నల్లదారంతో అల్లాం. సరుకు ఎనిమిది రోజులు ఆలస్యమైంది. దుకాణదారు ఇరవై రెండు తీసుకుని, పండగ బేరం దాటిపోయిందని పద్దెనిమిది తిప్పి పంపాడు. ఆ నెల మిషన్ వాయిదా కట్టలేకపోయాం. అయినా ఆ పని చేసినందుకు ఏనాడూ విచారించలేదు.

చెల్లెళ్లారా, మూడేళ్ల లోపు పిల్లల బొమ్మకు గుండీలు, పూసలు, గవ్వలు, గజ్జెలు పెట్టకండి. బొమ్మల పరీక్షల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడే ముక్క పసిబిడ్డకు ప్రమాదం. కుట్టు పూర్తయ్యాక చెవి, తోక పట్టుకుని గట్టిగా లాగండి. ఒకసారి ఉతికి ఆరేసి చూడండి. రంగు దిగితే అమ్మకండి. మేము ఆరు సూదులు డబ్బాలోంచి తీస్తే ఆరూ లెక్కపెట్టి లోపల పెట్టేవాళ్లం. ఒకటి తగ్గితే ఆ రోజు కుట్టిన బొమ్మలన్నీ పిండి చూసేదాకా పని సాగేది కాదు.

ప్రభుత్వ నిబంధన కూడా తెలుసుకోండి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన చేతివృత్తులవారు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. కాబట్టి ముందు ఆ నమోదు గురించి అడగండి. చిన్న వ్యాపారానికి ఉద్యమ్ నమోదు కూడా ఉచితమే. దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

కొందరు చెల్లెళ్లు బొమ్మలు చేయడం మనకు తగునా అని అడుగుతారు. పిల్లల ఆటబొమ్మల ప్రస్తావన హదీసుల్లో ఉంది. హజ్రత్ ఆయిషా బొమ్మలతో ఆడుకున్న సంగతి బుఖారీ గ్రంథంలో చూస్తాం. ఉలమాలలో అభిప్రాయ భేదాలూ ఉన్నాయి. తీర్పు చెప్పడం మా పని కాదు. మనసు ఒప్పనివారు బంతులు, గుడ్డ అక్షరాలు, అంకెలు, గుడ్డ పుస్తకాలు కుట్టవచ్చు. బడుల్లో వాటికే గిరాకీ.

ఇక లెక్క. మొదట్లో బొమ్మ ఇరవై ఐదు రూపాయలకు అమ్మాం. గుడ్డ, దూది, దారం కలిపి పన్నెండు అయ్యేది. పదమూడు లాభమని సంబరపడ్డాం. ఒకరోజు గడియారం చూసి లెక్కవేస్తే, పిల్లల్ని చూసుకుంటూ ఒక్కో బొమ్మకు మూడు గంటలు పడుతోంది. అంటే గంటకు నాలుగు రూపాయల చిల్లర! మన శ్రమకు మనమే ధర కట్టకపోతే ఇంకెవరు కడతారు? ఆ తర్వాత పని విడగొట్టాం. శుక్రవారం మధ్యాహ్నం వారానికి సరిపడా కత్తిరింపు. పిల్లలు నిద్రపోయే రెండు గంటలు మిషన్. వాళ్లు మెలకువగా ఉన్నప్పుడు దూది కూరడం మాత్రమే. ఒకరు కుడితే ఒకరు పిల్లల్ని చూడాలి. అప్పటినుంచి బొమ్మకు గంటన్నర చాలింది.

మరో తప్పు కూడా ఒప్పుకోవాలి. పెద్దమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆర్డరు తొందరలో మూడు రోజులు బడి మాన్పించి దూది కూరించాం. ఎందుకు రాలేదని టీచరు అడిగితే, జ్వరమని చెప్పమన్నాం. అబద్ధం నేర్పింది మేమే. ఈరోజు మా తరగతిలో పండగల ముందు ఖాళీ అయ్యే బెంచీలు చూస్తుంటే ఆ మూడు రోజులే గుర్తొస్తాయి. బడి అయ్యాక తల్లికి చేయందించడం వేరు. బడి మాన్పించి చేయించుకోవడం వేరు. ఏ ఆర్డరూ అంత గొప్పది కాదు.

చివరగా దాతలకు ఒక మనవి. మీరిచ్చే మిషన్ విలువ మాకు తెలుసు. కానీ మిషన్ మూలన పడటానికి కారణం చాలాసార్లు పని రాకపోవడం కాదు, బిడ్డను పట్టుకునేవారు లేకపోవడం. వీధికో గదిలో రోజుకు మూడు గంటలు పసిపిల్లల్ని చూసేందుకు ఒక పెద్దావిడకు జీతం ఇవ్వండి. మొదటి నెల గుడ్డకు వడ్డీ లేని అప్పు ఇవ్వండి. మీ ఇంట్లో శుభకార్యమైతే, మీ బడిలో బహుమతులైతే, మొదటి ఆర్డరు మీరే ఇవ్వండి. బేరం మాత్రం ఆడకండి.

తిరిగొచ్చిన ఆ పద్దెనిమిది కుందేళ్లను పండగనాడు మా వీధి పిల్లలకు పంచాం. వాటిలో ఒకదాన్ని చూసి పిల్లల బడి నడిపే ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కళ్లు దారంతో అల్లినందుకే కొంటున్నానన్నారు. ఆ తర్వాత నాలుగేళ్లు మా బొమ్మలు ఆవిడ బడికే వెళ్లాయి.

 మిషన్లు అందుకునే చెల్లెళ్ల చేతుల్లో అల్లాహ్ బర్కత్ నింపుగాక.