మారినది ధ్వనియా, మన చెవియా?



హెడ్‌ఫోను నేడు పల్లెపల్లెకు వచ్చినది. “కొన్ననాడు ధ్వని కీచుగా నుండెను, నెల వాడగా మృదువైనది” అని కొందరును, “మొదట బాగుండెను, ఇప్పుడు మందగించినది” అని మరికొందరును అనుట వినుచున్నాము. నిజముగా ధ్వని మారినదా, లేక మన చెవియే మారినదా? ప్రశ్న చిన్నదిగా తోచినను దానిలో మన ఆరోగ్యము ఇమిడియున్నది.

ఈ రెండు విధములైన మార్పులును మన సీమవారికి అనుభవమున నున్నవే. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకు గాని, కుప్పం తిరుపతి గంగమ్మ జాతరకు గాని పలకలు వాయించువారు ముందుగా వానిని మంట సెగకు కాచుదురు. తేమకు వదులైన తోలు బిగిసి ఖంగున మ్రోగును. ఇక్కడ మారినది వస్తువు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెకు పోయినచో మగ్గముల చప్పుడు క్రొత్తవారి చెవులలో గింగురుమనును. కొంతకాలము అక్కడ నున్నవారికి అది ఉన్నట్లే తోచదు. మగ్గము మారలేదు. మారినది వినువాని మనస్సు.

హెడ్‌ఫోనులో అయస్కాంతము, తీగచుట్ట, పలుచని పొర యుండును. వాడుకచే ఆ పొర కొంచెము సడలవచ్చును. కాని కొలిచి చూడగా ఆ భేదము స్వల్పమే. తలపై హెడ్‌ఫోనును కొంచెము అటునిటు జరిపినను అంతకు మించిన భేదము రావచ్చును. చెవి మెత్తలు అరిగినచో మంద్రధ్వని తగ్గును. గుబిలి చేరి జల్లెడ పూడినచో ధ్వని మూగబోవును. ఇవి నిజమైన మార్పులు. మెత్తలు మార్చి, జల్లెడ తుడిచినచో చక్కబడును.

సందేహము తీర్చుకొనుటకు సులభమైన పరీక్ష గలదు. ఒకే రకపు క్రొత్తదియు, వాడినదియు తెచ్చి, రెంటి బిగ్గరతనము సమానము చేసి, కన్నులు మూసికొని, మిత్రునిచే మార్చి మార్చి పెట్టించుకొనుడు. 10 సార్లలో 5 సార్లు సరిగా చెప్పుట గ్రుడ్డి ఊహకును సాధ్యమే. 9 సార్లు చెప్పగలిగినచో భేదము నిజమని తలపవచ్చును.

భయపడవలసిన మార్పు వేరొకటి గలదు. లోచెవిలో శబ్దమును గ్రహించు కేశకణములు సుమారు 15,000 మాత్రమే యుండును. నశించినవి తిరిగి మొలవవు. కుప్పం ప్రాంతపు గ్రానైటు గనులలో రాయి తొలుచు యంత్రపు హోరు చెవికి చెరుపని అందరును ఎరుగుదురు. పాటయైనను మితిమీరి మ్రోగినచో చెవికి అదియు హోరే. వినికిడి తగ్గినవాడు హెడ్‌ఫోను పాడైనదనుకొని ధ్వని మరింత పెంచును. దానిచే చెవి మరింత చెడును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 80 డెసిబెళ్ళ ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెళ్ళయినచో 4 గంటలే. కావున ధ్వనిని సగము దగ్గరనే నిలుపుడు. నడుమ నడుమ చెవులకు విశ్రాంతి నిండు. చెవులలో హోరు వినబడినను, ఎదుటివారి మాట స్పష్టముగా తెలియకున్నను, క్రొత్త హెడ్‌ఫోను కొనుటకు ముందు చెవి వైద్యునికి చూపించుకొనుడు.

హెడ్‌ఫోను చెడినచో అంగడిలో మరియొకటి దొరకును. చెవి దొరకదు.