సముద్రంపై మన సరిహద్దు
(ప్రసంగ పాఠం)



‘తటస్థుడు’ అనే మాట హిందీలోనూ తెలుగులోనూ ఒక్కటే. తటమంటే ఒడ్డు. ఇద్దరు పోరాడుతుండగా ఏ పక్షమూ వహించక ఒడ్డున నిలిచినవాడు తటస్థుడు. అయితే సముద్రతీరాన ఉన్న దేశానికి ఒడ్డున నిలవడం మాత్రమే చాలదు. తన జలాలు ఎంతవరకో నిర్ణయించుకోని దేశం, పరుల యుద్ధనౌకలు ముంగిటికి వచ్చినప్పుడు వాటిని ఆగమని చెప్పజాలదు.

తీరంనుంచి ఫిరంగిగుండు పోగలిగినంత మేర ఆ దేశపు జలమని పూర్వం ఐరోపాలో భావించేవారు. క్రమంగా ఆ దూరం 3 నాటికల్ మైళ్ళుగా, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లుగా స్థిరపడింది. పరాయి పాలననుంచి మనకు సంక్రమించిన కొలత అదే. స్వతంత్ర భారతం దానిని 1956లో 6 మైళ్ళకు, 1967లో 12 మైళ్ళకు పెంచింది. 1976లో రాజ్యాంగపు 40వ సవరణతోపాటు పార్లమెంటు సముద్ర మండలాల చట్టం చేసింది.

ఈ చట్టంలోని సంయమనం గమనించదగినది. 12 మైళ్ళలోపల మన సార్వభౌమాధికారం సంపూర్ణం. అక్కడ కూడా హాని తలపెట్టని విదేశీ వాణిజ్యనౌకలు సాగిపోవచ్చు. యుద్ధనౌకలు మాత్రం ముందుగా తెలియజేయాలి. 200 మైళ్ళవరకు గల ఆర్థిక మండలంలో మనకున్నది సంపదపై హక్కు మాత్రమే. అందరి నౌకలకూ అక్కడ దారి ఉంది. కాకినాడకు దూరాన, కృష్ణా–గోదావరి బేసిన్‌లోని లోతైన సముద్రగర్భంనుంచి తీస్తున్న సహజవాయువు ఈ హక్కువల్లనే మనదయింది. ఆ సంపద ఏ ఒక్క రాష్ట్రానిదీ కాదు. రాజ్యాంగపు 297వ అధికరణం దానిని యావద్భారతానికి చెందజేసింది.

మన దేశం తటస్థతకన్నా అలీనత అనే మాటను ఎంచుకుంది. యుద్ధంలో ఎవరి పక్షమూ వహించకపోవడం తటస్థత. శాంతికాలంలోనూ సైనిక కూటములకు దూరంగా ఉండి, ప్రతి సమస్యనూ స్వయంగా విచారించుకోవడం అలీనత. ఆ దృష్టితోనే, 1971 డిసెంబరు 16న హిందూ మహాసముద్రాన్ని శాంతి మండలంగా ప్రకటించాలని నాటి సిలోన్ చొరవతో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ముందుకు వచ్చిన తీర్మానాన్ని భారతదేశం సమర్థించింది. తీర్మానం నెగ్గింది. కాని అగ్రరాజ్యాలు ఓటింగులో తటస్థంగా ఉండిపోయాయి. వారి నౌకాదళాలు ఈ సముద్రాన్ని విడిచిపోలేదు. ప్రకటన ఒక్కటే శాంతిని తేలేదన్న పాఠం మనకు అప్పుడే అందింది.

మరి గీతకు బలమేది? కావలి ఒకటి, అందుకే 1978లో తీరరక్షక దళానికి చట్టం చేసుకున్నాము. న్యాయబుద్ధి రెండవది. బంగాళాఖాతంలో మనకూ బంగ్లాదేశ్‌కూ దశాబ్దాలుగా ఉన్న సరిహద్దు వివాదంపై 2014 జూలైలో అంతర్జాతీయ మధ్యవర్తుల తీర్పు వెలువడింది. వివాదంలోని సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,400కు పైగా బంగ్లాదేశ్‌కు లభించాయి. భారతదేశం ఆ తీర్పును శిరసావహించింది. అనుకూలమైన తీర్పును ఎవరైనా గౌరవిస్తారు. ప్రతికూలమైనదాన్ని కూడా గౌరవించిన దేశమే, తన గీతను గౌరవించమని ఇతరులను అడగగలదు.

మీ తరగతి గోడపై ఉన్న దేశపటం తీరరేఖవద్ద ఆగిపోతుంది. ఆ రేఖకు ఆవల మన హక్కులు ఎంతవరకో, మన బాధ్యతలు ఎంతవరకో మీరు తెలుసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.