ఆరాధనలో కీబోర్డు
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరైన తర్వాత నా వ్యాపకం గురించి చెప్పమన్నారు. వన్ టౌన్‌లో మా చర్చిలో ఆదివారం ఆరాధనకు కీబోర్డు వాయిస్తుంటాను. పాటకు వాయించడం ఒక ఎత్తు. ప్రార్థన సాగుతుండగా, కానుకలు పట్టేటప్పుడు, సంస్కారం ఇచ్చేటప్పుడు వెనుక మెల్లగా వాయించడం మరో ఎత్తు. దానికి నోట్సు ఉండవు. అప్పటికప్పుడు అల్లుకోవలసిందే.

అలాగని తోచినట్లు వాయించరాదు. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలైన పెద్దలు మన రాగాలలోనే కీర్తనలు రచించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అంతకుముందు పాడిన కీర్తన మోహనలో ఉంటే స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలతోనే అల్లాలి. ఎడమచేత్తో నొక్కే కార్డులో మధ్యమం దూరిందంటే రాగం చెడినట్లే.

గమకం పలకదన్నది ఒక కారణంగా 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను దూరం పెట్టింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. కీబోర్డుకూ మెట్లే కనుక అదే చిక్కు. అందుకే తక్కువ స్వరాలు, నిదానంగా వాయించడం మేలు.

ఇక మన వయసువారి సంగతి. వయసు మీదపడితే ముందుగా హెచ్చు శ్రుతి ధ్వనులు వినబడటం తగ్గుతుంది. స, ష, త, క వంటి హల్లులు జారిపోతాయి. మాట వెనుక వాద్యం గట్టిగా మోగితే ఆ కాస్తా అందదు. ప్రార్థన సాగుతుంటే రెండు మూడు స్వరాలు చాలు. వాక్యం చదువుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. గుమాస్తా డ్రాఫ్టు పెడతాడు, సంతకం ఆఫీసరుది. ఇక్కడా అంతే, మాట అయ్యగారిది.

సంస్కారానికి కుర్రవాళ్లు చకచకా వచ్చి వెళతారు. చేతికర్రతో వచ్చిన పెద్దాయన మోకరించి లేవడానికి సమయం పడుతుంది. అప్పుడు వాద్యం ఆగిపోతే అందరి కళ్లూ ఆయన మీదే. ఆయన తిరిగి బెంచీలో కూర్చునేదాకా ఇంకో ఆవృతం సాగదీస్తే, ఆలస్యమైందన్న బెరుకు ఆయనకుండదు. ఎంతసేపు వాయించాలో ఏ పుస్తకంలోనూ రాయలేనిది ఇందుకే. చేతులు మెట్లమీద ఉన్నా, కళ్లు మనుషుల మీద ఉండాలి.

మీ మనవలెవరైనా చర్చిలోగాని, భజనలోగాని వాయిస్తుంటే ఈ ఒక్క మాట చెప్పండి.