పశువుల డాక్టరా?

నేను పశువైద్యం చదువుతానంటే, "అందుకా అమెరికా వచ్చాం?" అన్నారు నాన్నగారు.

2019 వేసవి సెలవుల్లో ఒంగోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. ఈనిన మర్నాడే గేదె కూలబడింది. చెవులు చల్లబడ్డాయి. పాలజ్వరమన్నారు. పేరుకే జ్వరం, నిజానికి ఒంట్లో కాల్షియం పడిపోవడమట. డాక్టరుగారు గుండె చప్పుడు వింటూ మెడ నరంలోకి కాల్షియం సీసా నెమ్మదిగా ఎక్కించారు. తొందరపడితే గుండె ఆగిపోవచ్చునట. గంట తిరగకముందే గేదె లేచి దూడను నాకింది. అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా అమ్మను చదివించింది పాలమ్మిన డబ్బుతోనేనని నాకు అప్పుడే తెలిసింది. (ఇంట్లో ఎవరూ చెప్పలేదు మరి!)

ఇక్కడ డిగ్రీ అయ్యాక ఇంకో నాలుగేళ్ళు చదవాలి, అప్పూ తక్కువేం కాదు. అయినా దరఖాస్తు పంపాను. నాన్నగారు ముందు వరుసలోనే కూర్చున్నారు, ఇంకా సరేననలేదు.