మా ఫ్లాట్ మున్సిపాలిటీ తాకట్టులో ఉంది

ఈసారి గ్యాడ్జెట్ లేదు, యాప్ లేదు. ఇల్లు గురించి మాట్లాడుకుందాం. మా ఇల్లు గురించే.

పోయిన సంవత్సరం ఒకరోజు రాత్రి నాన్న ఫోన్ చేసి, "ఓసీ అంటే ఏందిరా?" అని అడిగాడు. నేను బీటెక్ చేసి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ని. వెంటనే చెప్పలేకపోయా. "రేపు చూసి చెప్తా నాన్నా" అన్నా. ఆ రేపు ఇంకా అయిపోలేదు.

కథ 2019లో మొదలైంది. నాన్న గవర్నమెంట్ స్కూల్ టీచర్‌గా రిటైర్ అయ్యాడు. వచ్చిన డబ్బంతా పెట్టి హైదరాబాద్ శివార్లలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ తీసుకున్నాడు. నాలుగు బ్లాకులు, స్టిల్ట్ ప్లస్ 5, మొత్తం 240 ఫ్లాట్లు. మాది సీ బ్లాక్, ఫస్ట్ ఫ్లోర్. అమ్మకి మోకాళ్ల నొప్పులు, లిఫ్ట్ ఆగినా మెట్లు ఎక్కొచ్చని ఏరికోరి ఫస్ట్ ఫ్లోర్ అడిగాం. సేల్స్ అతను "లోన్ లేకుండా మొత్తం కడితే ఎస్ఎఫ్‌టీకి 250 తగ్గిస్తా సార్" అన్నాడు. దాదాపు 3 లక్షలు మిగులుతాయి. మాకు పండగే. అగ్రిమెంట్ రోజు నేను ఫొటోలు తీసి స్టోరీ పెట్టా. ఆ అగ్రిమెంట్ 38 పేజీలు. ఒక్క పేజీ చదవలేదు.

బిల్డర్ పేరు చెప్పను, మున్సిపాలిటీ పేరూ చెప్పను. కేసు నడుస్తోంది.

2021 చివరికి ఇస్తామన్న ఫ్లాట్ 2023లో చేతికొచ్చింది. గృహప్రవేశం చేశాం, పాలు పొంగించాం. రిజిస్ట్రేషన్ గురించి అడిగితే "ఓసీ రాగానే సార్" అన్నారు. మా పైన మూడో ఫ్లోర్ వాళ్లకి అప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోయింది. మాకెందుకు అవ్వట్లేదు? అక్కడ నాన్నకి డౌట్ వచ్చింది. అప్పుడే ఆ ఫోన్.

సరే, ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. ఇంత పెద్ద ప్రాజెక్ట్ కడుతుంటే మున్సిపాలిటీ ఎలా చూస్తుంది? బిల్డర్ ప్లాన్ ఇస్తాడు, ఫీజు కడతాడు, అనుమతి వస్తుంది. పని మొదలుపెట్టేటప్పుడు ఒక నోటీసు ఇవ్వాలి. పూర్తయ్యాక ఇంకో నోటీసు ఇవ్వాలి, దాంతోపాటు ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీర్ సర్టిఫికెట్లు జత చెయ్యాలి. అప్పుడు టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి కొలతలు చూసి, ప్లాన్‌లో ఉన్నట్టే కట్టారంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అదే ఓసీ. మధ్యలో? మధ్యలో చూసే అధికారం వాళ్లకుంది, కానీ ఎవరైనా కంప్లైంట్ పెడితే తప్ప మా సైట్‌కి ఎవరూ వచ్చినట్టు ఫైల్లో లేదు. మా భాషలో చెప్పాలంటే కోడ్ రాసేముందు ఒక మీటింగ్ పెట్టి, కస్టమర్ వాడటం మొదలుపెట్టాక టెస్టింగ్ చేసినట్టు.

మరి బిల్డర్ మాట వినకపోతే ఎలా? దానికోసమే 2012లో వచ్చిన జీవో 168లో ఒక ఏర్పాటు పెట్టారు. ఇది చాలామందికి తెలీదు, కొంచెం జాగ్రత్తగా వినండి. అపార్ట్‌మెంట్‌కి అనుమతి ఇచ్చేముందు మొత్తం బిల్టప్ ఏరియాలో 10 శాతాన్ని గ్రౌండ్, ఫస్ట్ లేదా సెకండ్ ఫ్లోర్‌లో మున్సిపాలిటీకి తాకట్టు పెట్టించుకుంటారు. మార్ట్‌గేజ్ అన్నమాట. ఆ వివరాలు రిజిస్ట్రేషన్ శాఖలో నిషేధిత జాబితాకి ఎక్కుతాయి. ఓసీ వచ్చేదాకా ఆ ఫ్లాట్లు ఎవరి పేరునా రిజిస్టర్ కావు. అడ్డదిడ్డంగా కడితే ఆ 10 శాతం చిక్కుకుపోతుందని బిల్డర్‌కి భయం ఉండాలి. ఐడియా బాగుంది కదా? నాకూ మొదట బాగానే అనిపించింది.

240లో 10 శాతం అంటే 24. మా ప్రాజెక్ట్‌లో తాకట్టు పెట్టింది బీ, సీ బ్లాకుల ఫస్ట్ ఫ్లోర్. ఒక్కో ఫ్లోర్‌కి 12 ఫ్లాట్లు. మాది అందులో ఏడోది.

అంటే మున్సిపాలిటీ బిల్డర్‌కి తాళం వేశాననుకుంది. బిల్డర్ ఆ తాళం ఉన్న ఫ్లాట్‌నే మా నాన్నకి అమ్మి, డబ్బులు మొత్తం తీసుకుని వెళ్లిపోయాడు. తాళం మా మీద పడింది.

ఇప్పుడు ఆ 250 డిస్కౌంట్ గుర్తు తెచ్చుకోండి. లోన్ పెట్టుకుంటే బ్యాంకు లీగల్ ఒపీనియన్‌కి పంపేది, ఈసీ తీసేది, తాకట్టు అక్కడే బయటపడేది. 3 లక్షలు మిగిలాయని సంబరపడ్డ చోటే మొత్తం ఇరుక్కుంది. అగ్రిమెంట్ 23వ పేజీలో "మున్సిపాలిటీకి తాకట్టులో ఉన్న భాగం ఓసీ అనంతరం విడుదలవుతుంది" అని ఒక లైన్ ఉంది. ఏ ఫ్లాట్లో రాయలేదు. ఇంకోటి, రెరా చట్టం ప్రకారం ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోవాలంటే ముందు రిజిస్టర్డ్ అగ్రిమెంట్ ఉండాలి. మాది 100 రూపాయల స్టాంప్ పేపర్.

రెరా అన్నాను కాబట్టి అది కూడా చెప్తా. 2016 చట్టం. 8 ఫ్లాట్లు దాటినా, 500 చదరపు మీటర్ల స్థలం దాటినా రిజిస్టర్ చెయ్యాలి. తెలంగాణలో 2017 జనవరి 1 నుంచి అనుమతి తీసుకున్న ప్రాజెక్టులకి వర్తిస్తుంది. కొనేవాళ్ల డబ్బులో 70 శాతం వేరే అకౌంట్‌లో ఉంచి, పని ఎంత జరిగితే అంతే తీయాలి. ప్రతి మూడు నెలలకీ పని ఎంతయిందో వెబ్‌సైట్‌లో పెట్టాలి. మా ప్రాజెక్ట్ పేజీ తెరిచి చూస్తే వరుసగా చాలా క్వార్టర్లు "98 శాతం పూర్తి" అనే ఉంది. ఆ అంకె నింపేది ఎవరనుకున్నారు? బిల్డరే. మా టీమ్‌లో కూడా ఒకడు ఉండేవాడు, అతని పని ఎప్పుడూ 90 శాతం అయ్యేది. పోనీలెండి.

ఆ మిగిలిన 2 శాతం ఏంటో తెలుసుకోవడానికి సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం. జవాబుతో సరిపెట్టుకోకుండా ఫైల్ తనిఖీ చేస్తాం అని రాయండి, ఆ హక్కు కూడా చట్టంలో ఉంది. నాన్న, నేను వెళ్లి కూర్చున్నాం. నాన్న రిటైరైనా రెడ్ పెన్ వదల్లేదు, ఆన్సర్ పేపర్ దిద్దినట్టు ఒక్కో కాగితం చదివాడు. బిల్డర్ 2022లోనే ఓసీకి దరఖాస్తు పెట్టాడు. ఆఫీసు షార్ట్‌ఫాల్ లెటర్ ఇచ్చింది: ఏ బ్లాక్ స్టిల్ట్ పార్కింగ్‌లో కొంత భాగానికి గోడలు కట్టి షాపులు చేశారు, తీసెయ్యండి అని. బిల్డర్ జవాబివ్వలేదు. ఆఫీసు మళ్లీ అడగలేదు. ఫైల్ అక్కడే ఆగిపోయింది. మేం పొద్దున్నే పాల ప్యాకెట్ కొనుక్కునే సూపర్‌మార్కెట్ వల్లే మా ఫ్లాట్ రిజిస్టర్ కావట్లేదన్నమాట.

నిజం చెప్పాలంటే ఆ అధికారి తప్పు పట్టుకున్నాడు. వచ్చాడు, కొలిచాడు, రాశాడు. ఆ తర్వాతే ఏమీ జరగలేదు.

ఓసీ లేకపోతే ఏమవుతుంది అంటే, అదే జీవో ప్రకారం కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇవ్వకూడదు, లేదంటే మూడు రెట్లు టారిఫ్ వసూలు చెయ్యొచ్చు. ఇదీ కట్టేది ఉండేవాళ్లే.

అసోసియేషన్ మీటింగ్‌లో ఈ ఫైల్ సంగతి చెప్పాం. నాలుగో ఫ్లోర్ అంకుల్ లేచి, "మావి రిజిస్టర్ అయినయి. ఇప్పుడు కంప్లైంట్ పెడితే మా రేటు పడిపోతది" అన్నాడు. కోపం వచ్చింది కానీ ఆయన స్థానంలో నేనుంటే ఏమనేవాణ్నో తెలీదు. 240 మందిలో మేం 24 మందిమి. అందులో సంతకం పెట్టినవాళ్లు 17.

నోయిడా ట్విన్ టవర్స్ వీడియో మీరంతా చూసే ఉంటారు. 2022 ఆగస్టు 28న దాదాపు 100 మీటర్ల బిల్డింగులు కొన్ని సెకన్లలో కూలిపోయాయి. రీల్స్‌లో ఆ దుమ్మే చూశాం. వెనక ఉన్నది మాత్రం పక్క బ్లాకుల్లో ఉండే మామూలు జనం. రెండు బిల్డింగుల మధ్య ఉండాల్సిన దూరం లేదని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. అనుమతులిచ్చిన అధికారులు బిల్డర్‌తో కుమ్మక్కయ్యారని 2021 ఆగస్టు 31 తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. నాన్నకి ఆ వీడియో చూపిస్తే, "మనకి కూలగొట్టుడు వద్దు బిడ్డా, ఆ గోడ తీస్తే చాలు" అన్నాడు.

2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇంకో తీర్పులో నిర్మాణం జరుగుతుండగానే అధికారులు మధ్యమధ్యలో తనిఖీ చేసి రికార్డు రాయాలని, అనుమతి పొందిన ప్లాన్ సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టాలని చెప్పింది. మా సైట్‌లో 2019లో పెట్టింది స్విమ్మింగ్ పూల్ బొమ్మ.

మీరు కొంటుంటే పర్మిట్ ప్రొసీడింగ్స్ కాపీ అడగండి, తాకట్టు భాగం వివరాలు అందులో ఉంటాయి. ఈసీ మీరే తీసుకోండి. "అది ఫార్మాలిటీ సార్" అంటే అక్కడ్నుంచి లేచి వచ్చేయండి.

మేం రెండు పనులు చేశాం. షాపుల మీద మున్సిపాలిటీకి కంప్లైంట్, ఆలస్యం మీద రెరాకి కంప్లైంట్. ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ అడగొచ్చు, తెలంగాణ రూల్స్‌లో అది ఎస్‌బీఐ ఎంసీఎల్ఆర్ మీద 2 శాతం. వడ్డీ సంగతి నేను అడిగించా. నాన్న దరఖాస్తులో చేత్తో రాసింది ఒక్కటే, ఫ్లాట్ అమ్మ పేరు మీద రిజిస్టర్ కావాలని.

పోయిన వారం సూపర్‌మార్కెట్‌కి నోటీసు అంటించారు. రెండో రోజుకి ఎవరో చింపేశారు. నాన్న మొదటిరోజే ఫొటో తీసి పెట్టాడు. హియరింగ్ వచ్చే నెల. ఏమైందో చెప్తా. బై.