పది పాసయ్యాక ఏ గ్రూపు?

మీ మనిషి మంచం మీద ఉండగా పిల్లల చదువుల మాట ఎందుకని అనుకోవద్దు. నైట్ డ్యూటీలో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇదే: "సిస్టరమ్మా, మా పాప మీలాగ ఆస్పత్రిలో పని చేయాలంటే ఏం చదివించాలి?" ఆదోని పత్తి మిల్లుకు పోయే తండ్రి అడుగుతాడు, ఎమ్మిగనూరులో మగ్గం నేసే తల్లి అడుగుతుంది.

మొన్న ఒక తండ్రి కొత్త పేరు చెప్పాడు, ఫిజీషియన్ అసిస్టెంట్ అని. ఈ పని చేసేవారు డాక్టరు పర్యవేక్షణలో రోగి వివరాలు రాసుకుంటారు, పరీక్షిస్తారు, ఆపరేషన్లలో సాయపడతారు. వారు డాక్టర్లు కారు, సొంతంగా క్లినిక్కు పెట్టుకోవడానికి ఈ చదువు కాదు. ఇది 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దేశానికి 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్ ద్వారా వచ్చింది. 2021లో కేంద్రం చేసిన చట్టంలో కూడా ఈ వృత్తిని చేర్చారు.

ఆ తండ్రికి అమెరికాలో ఉన్న బంధువు "ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు" అన్నాడట. అక్కడికి అది నిజమే. అక్కడ ముందు డిగ్రీ చదివి, తరువాత ఈ కోర్సుకు పోతారు. డిగ్రీ ఏదైనా జీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి సబ్జెక్టులు మాత్రం చదివి ఉండాలి. మన దగ్గర అలా కాదు. ఇంటర్ అయిన వెంటనే ఈ కోర్సులో చేరతారు. కాబట్టి మన పిల్లలకు అసలు నిర్ణయం డిగ్రీలో కాదు, పది పాసైన వేసవిలోనే జరిగిపోతుంది. ఇంకొక మాట. ఇక్కడ చదివిన ఆ డిగ్రీతో అమెరికాలో నేరుగా ఆ ఉద్యోగం చేయడానికి వీలులేదు. అక్కడి గుర్తింపు ఉన్న కోర్సు మళ్ళీ చదవాలి.

నా సంగతి చెబుతాను. స్నేహితురాలు చేరిందని నేనూ సి.ఇ.సి.లో చేరాను. మా ఇంట్లో చెప్పేవారు లేరు. తరువాత జి.ఎన్.ఎం. చదివి నర్సునయ్యాను, అందుకు సంతోషమే. కాని అంతకు ముందు బి.ఎస్సీ. నర్సింగు దరఖాస్తు తెచ్చుకుని, మొదటి పేజీ చదివి మడిచి పెట్టేశాను. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఉండాలని అందులో ఉంది. పదహారేళ్ళప్పుడు తెలియక చేసిన పని అప్పుడు తెలిసింది.

అందుకే ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

1. బిడ్డకు ఆస్పత్రి పని మీద ఏ కొంచెం ఆశ ఉన్నా బై.పి.సి. తీసుకోనివ్వండి. బి.ఎస్సీ. నర్సింగుకు, ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు అదే దారి.

2. ఇప్పటికే వేరే గ్రూపు తీసుకుంటే దిగులు పడవద్దు. జి.ఎన్.ఎం.కు ఇంగ్లీషుతో 40 శాతం మార్కులుంటే ఏ గ్రూపు వారైనా అర్హులే. ఆ తరువాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేయవచ్చు. మగపిల్లలు కూడా చదవవచ్చు.

3. ఫీజు కట్టకముందే కాలేజీకి గుర్తింపు ఉందో లేదో చూడండి. నర్సింగుకైతే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాలు చూడాలి. వేరే కోర్సుకైతే డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో కాగితం మీద చూపమనండి. సీటు గ్యారంటీ అనే ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వవద్దు.

4. మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయేటప్పుడు పదో తరగతి బిడ్డను వెంట తీసుకుపోవద్దు. పరీక్షలు ఆ రోజుల్లోనే వస్తాయి. అవ్వ దగ్గరో, హాస్టల్లోనో ఉంచి పోండి. పది తప్పితే గ్రూపు మాటే ఉండదు.

అడగడానికి మొహమాటపడవద్దు. దరఖాస్తు కాగితం తెచ్చుకుంటే డ్యూటీ అయ్యాక కూర్చుని చదివి చెబుతాను. నాకు ఆ రోజు అలా చదివి చెప్పేవారు దొరకలేదు.