విడాకుల కాగితం మీద సంతకం ఎవరిది? ఆర్టికల్ 3 నుంచి బోధన్ ఫ్యాక్టరీ దాకా

ఒక పాత ముచ్చటతో మొదలుపెడతా. 1956 మార్చిలో నెహ్రూ మన నిజామాబాద్‌కి వచ్చారు. ఆంధ్ర, తెలంగాణ కలయికను పెళ్లితో పోల్చి, పొసగకపోతే విడిపోవచ్చు అన్నారని మన దగ్గర పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరి ఆ విడాకులు ఇచ్చే అధికారం ఎవరిది? ఇద్దరిదీ కాదు! రాజ్యాంగంలో ఆర్టికల్ 3 ఉంది. కొత్త రాష్ట్రం చేయాలన్నా, హద్దులు మార్చాలన్నా పార్లమెంటే చేయాలి. మామూలు మెజారిటీ చాలు. రాష్ట్ర అసెంబ్లీని అభిప్రాయం అడుగుతారు, అంతే. వినాలన్న రూల్ లేదు. ప్రజల ఓటింగ్ అన్న మాటే అందులో లేదు. దేశం నుంచి విడిపోవడానికైతే అసలు దారే లేదు. నేను చెప్పేది దేశంలోనే వేరే రాష్ట్రం గురించి.

నిజానికి ఫజల్ అలీ కమిషన్ 1955లోనే ఒక మాట చెప్పింది. హైదరాబాద్ రాష్ట్రాన్ని వేరుగానే ఉంచండి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక ఇక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపండి అని. అంతవరకు ఆగలేదు. 1956 నవంబర్ 1న కలిపేశారు.

విడిపోయేటప్పుడూ అంతే. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేశాయి. జూన్ 2న తెలంగాణ వచ్చింది.

అంటే మనం ఏమీ చేయలేదా? చేశాం. చట్టంలో రెఫరెండం లేదు కాబట్టి, ఉన్న ఎన్నికనే రెఫరెండం చేసుకున్నాం. 2010లో తెలంగాణ కోసం 12 మంది ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు. జూలైలో ఉపఎన్నికలు. 12 సీట్లూ ఉద్యమం వైపే. నిజామాబాద్ అర్బన్‌లో అప్పటి పీసీసీ అధ్యక్షుడు డి. శ్రీనివాస్ యెండల లక్ష్మీనారాయణ చేతిలో ఓడిపోయారు. ఢిల్లీకి మెసేజ్ క్లియర్‌గా వెళ్లింది.

స్కాట్లాండ్‌తో పోల్చండి. వాళ్లు అడిగింది వేరే దేశం. లండన్ ఒప్పుకుంది కాబట్టి 2014 సెప్టెంబర్ 18న జనం నేరుగా ఓటేశారు. 55 శాతం వద్దన్నారు. మళ్లీ ఓటింగ్ పెడతామంటే, లండన్ పార్లమెంటు ఒప్పుకోకుండా కుదరదని 2022లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పేసింది. అక్కడ జనం ఓటేసినా దేశం రాలేదు. ఇక్కడ ఓటింగ్ లేకుండానే రాష్ట్రం వచ్చింది. కానీ రెండు చోట్లా తాళంచెవి పెద్ద పార్లమెంటు చేతిలోనే ఉంది.

మనకు కలిసొచ్చింది కదా అని సంబరపడకండి. 2019లో జమ్ము కశ్మీర్ అనే రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేసింది కూడా పార్లమెంటుకున్న ఈ అధికారమే.

ఇప్పుడు బోధన్‌కు వద్దాం. శక్కర్‌నగర్‌లో నిజాం జమానాలో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. మన రాష్ట్రం వస్తే మన ఫ్యాక్టరీ మనకొస్తుందని ఉద్యమంలో ఎంతమంది నమ్మారో! 2015 డిసెంబర్‌లో మూతపడింది. అప్పటికి తెలంగాణ వచ్చి ఏడాదిన్నరే. కార్మికులు రోడ్డున పడ్డారు, చెరకు రైతు పంట మార్చుకున్నాడు. ఆ గేటు ముందు నిలబడితే ఒక ప్రశ్న వస్తుంది: రాష్ట్రం మనదైతే, నిర్ణయం ఎవరిది?

దీనికి మన జిల్లా రైతులే ఒక జవాబు చూపించారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్ వేశారు. మొత్తం అభ్యర్థులు 185! ఒక్కో పోలింగ్ బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. రాస్తారోకో కాదు, రాళ్లు కాదు. డిపాజిట్ కట్టి, చట్టం ఇచ్చిన కాగితం మీదే సంతకం పెట్టారు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. మద్దతు ధర సంగతి ఇంకా ఉంది, అది వేరే పోరాటం.

రాష్ట్రం ఒక్కసారే వస్తుంది ఫ్రెండ్స్. ప్రజల అధికారం మాత్రం ప్రతి ఐదేళ్లకూ మళ్లీ సంపాదించుకోవాలి. ఓటరు లిస్టులో మీ పేరు ఉందా? ఈ వీడియో అయిపోగానే ఒక్కసారి చూసుకోండి. మీ ఇంట్లో ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లుంటే వాళ్ల మాట కామెంట్లలో రాయండి, నేను చదువుతా. ఉంటా మరి.